ఆసుపత్రి తాళాలమ్మ

ఆ పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆమె హోదా ఏదైనా, కింద మందుల షాపు నుంచి పైన ఆపరేషన్ థియేటర్ దాకా అందరూ ఆమెను పిలిచేది తాళాలమ్మ అనే. అలాగని నడుముకి తాళాల గుత్తేమీ ఉండదు. వెబ్‌సైటు తెరిస్తే పైన చిన్న తాళం గుర్తు ఉంటుంది కదా, దాని వెనక ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఇది నిజంగా ఈ ఆసుపత్రి సైటే, ఇక్కడ మీరు రాసింది దారిలో ఎవరూ చదవలేరు అని పూచీ ఇచ్చేది అదే. దానికో గడువుంటుంది. గడువు దాటిందా, ఎంత మంచి సైటునైనా ఫోను దొంగను చూసినట్టు చూస్తుంది. ఆ సర్టిఫికెట్ల మంచిచెడ్డలు చూడడమే ఆమె ఉద్యోగం.

ఆమె చేరిన కొత్తలో ఒక సోమవారం పొద్దున లాబ్ రిపోర్టుల సైటు గడువు తీరి కూర్చుంది. తెరిచిన ప్రతివాళ్ళకీ ఎర్రటి హెచ్చరిక. ఆసుపత్రిలో దొంగలు పడ్డారన్న పుకారు లిఫ్టు కన్నా ముందే అన్ని అంతస్తులూ ఎక్కేసింది. రిసెప్షన్ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నిండు నెలలతో ఉన్న ఒకామె కౌంటరు అంచు పట్టుకుని, "నా రిపోర్టు ఎవరైనా చదివేశారా అమ్మా?" అని అడిగింది.

తీరా చూస్తే దొంగా లేడు, దోపిడీ లేదు. గడువు దగ్గరపడుతోందని వచ్చిన మెయిళ్ళన్నీ ఎప్పుడో రిటైరైపోయిన ఉద్యోగి మెయిల్‌బాక్సులోకి పోతున్నాయి. పాపం ఆయన ఇంట్లో కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. ఆమె కొత్త సర్టిఫికెట్ తెప్పించి పెట్టేసరికి మధ్యాహ్నమైంది. సైటు లేచింది కానీ ఆ గర్భిణి అడిగిన మాట మాత్రం ఆమె చెవిలో మోగుతూనే ఉంది.

"మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకుంటే ఇంతే సార్. ఇవి వాటంతటవే మారేట్టు చేద్దాం" అంది పై అధికారితో.

ఆయన మంచివాడే, కాకపోతే తన నీడకి తనే జడుసుకునే రకం. "తొందరపడొద్దు" అన్నది ఆయన ఊతపదం. అందుకే చాటుగా అందరూ ఆయన్ని తొందరొద్దుగారు అనేవారు.

"తొందరపడొద్దమ్మా. నడుస్తున్న బండిని కెలకడం దేనికి?"

"నడుస్తున్న బండే కదా సార్ ఇవాళ బోల్తా పడింది?"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "సరే, ముందు పార్కింగ్ సైటు మీద చేసి చూడు. అది చెడితే తిట్టేది కార్లవాళ్ళే."

పార్కింగ్ సైటు చెడలేదు. అక్కణ్ణుంచి పళ్ళ విభాగానికి, మందుల షాపుకి, రక్తనిధికి పాకింది పని. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేని పాత సైట్లను కూడా ఆమె మూలమూలల నుంచి వెతికి పట్టుకుంది. ఏటేటా సర్టిఫికెట్ల ఆయుష్షు తగ్గిపోతున్నా ఆమెకు చీకూచింతా లేదు. గడువు ఇంకా బోలెడు ఉండగానే ఆమె పెట్టిన ఏర్పాటు కొత్తవి తెచ్చి తగిలించేస్తోంది.

అయితే ఆమె అక్కడితో ఊరుకోలేదు. మామూలు కంప్యూటర్లకి సాధ్యంకాని లెక్కలు చేసే క్వాంటం కంప్యూటర్లు బలపడ్డ రోజున ఇప్పటి తాళాల లెక్కలు తేలిగ్గా విడిపోతాయని, వాటికి తట్టుకునే కొత్త పద్ధతులు ఇప్పటికే తయారయ్యాయని చదివి, మనమూ మారదామంది. తొందరొద్దుగారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట! ఆ యంత్రం రానీ, అప్పుడు చూద్దాం."

ఆ సాయంత్రం ఇంట్లో తాళాలమ్మా, అత్తగారూ చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెడుతుంటే ఆ మాటే వచ్చింది. ఆ యంత్రం వచ్చేదాకా ఆగితే లాభం లేదు, దొంగలు ఇప్పటినుంచే ఎత్తుకెళ్తారంది కోడలు.

"ఇప్పుడు చదవలేనిదాన్ని దొంగ ఇప్పుడే ఎందుకెత్తుకెళ్తాడే?" అని అడిగింది అత్తగారు.

"దాచుకుంటాడత్తయ్యా. తెరిచే యంత్రం వచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చని."

అత్తగారి చేతులు ఆగిపోయాయి. మెల్లగా అంది. "మీ ఆయన పుట్టాక నాకు మనసు బాగాలేక చాన్నాళ్ళు మందులు వాడాను. బిడ్డను ఎత్తుకోవాలన్నా భయమేసేది. మీ మావయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. అది పొక్కితే పిచ్చిదని ముద్ర వేసేసేవాళ్ళు. ఇవాళ నాకు సిగ్గేం లేదు, కానీ చెప్పుకుంటే నేను చెప్పుకోవాలి. ఎవడో దొంగవెధవ చదివి చాటింపు వెయ్యడమేంటి?"

కోడలు దుప్పటి వదిలేసి ఆవిడ పక్కన చేరి చెయ్యి పట్టుకుంది. "మీ పేరెత్తకుండా ఈ మాట ఆఫీసులో చెప్పనా అత్తయ్యా?"

"చెప్పు. జబ్బు తగ్గొచ్చు గానీ రహస్యం ముసలిదవదని చెప్పు."

మర్నాడు మీటింగులో ఆమె అదే చెప్పింది. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది. "పేషెంట్లు నాతో చెప్పుకున్నవి నాతోనే మట్టిలో కలుస్తాయి. కంప్యూటరుకి మాత్రం వేరే నీతి ఎందుకు? కానివ్వండి" అంది.

పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ జమిలిగా కలిపి పెట్టి చూశారు. కొత్త భవనమంతటా సైట్లు చక్కగా తెరుచుకున్నాయి. పాత భవనంలో ఉన్న పిల్లల వార్డులో మాత్రం ఒక్కటీ కదల్లేదు.

"చెప్పానా, తొందరపడొద్దని?" అన్నాడు తొందరొద్దుగారు.

ఆమె వెంటనే పాత పద్ధతికి తిప్పి వార్డు పని ఆగకుండా చూసి, అప్పుడు ఆరా తీసింది. కొత్త పద్ధతిలో ఫోను సైటుకి పంపే మొదటి పలకరింపు పొడుగ్గా ఉంటుంది. ఒక్క విడతలో పట్టక రెండు ముక్కలుగా వెళ్తుంది. దారిలో కాపలా ఉన్న ఫైర్‌వాల్ అనే పాత పెట్టె ఒకటి, సగం మాటే విని ఇదేదో తేడాగా ఉందని పారేస్తోంది.

తొందరొద్దుగారు స్క్రీనులోకి తొంగిచూశాడు. "ఈ పెట్టె నేను బిగించిందే! దీని గుణం నాకు తెలుసు." చొక్కా చేతులు మడిచి, పాత భవనంలో గోడకున్న ఆ పెట్టె దగ్గర తనే స్టూలెక్కాడు. దాని సాఫ్ట్‌వేరు కొత్తది ఎక్కించి, దుమ్ము కొట్టుకున్న మొహంతో అరిచాడు, "తొందరగా రామ్మా, తెరుచుకుంది!"

ఆయన నోట ఆ మాట విని విభాగమంతా పడీపడీ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె వెనక నిలబడే మనిషి ఆయనే.

అసలు పరీక్ష ఆ మరుసటి ఏడు వచ్చింది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ ఒకటి, తన దగ్గరే పొరపాటు జరిగిందని, తానిచ్చినవన్నీ రేపటికల్లా చెల్లవని పొద్దున్నే ప్రకటించింది. ఊరంతా గగ్గోలు. ఎక్కడ చూసినా ఫోన్లు, పరుగులు. ఇక్కడి సైట్ల సర్టిఫికెట్లలో కూడా సగం ఆ సంస్థవే. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఒకే ఒక్క చోట ఆ సంస్థను తీసి మరో సంస్థను పెట్టి, అన్నీ మార్చమని ఆజ్ఞ ఇచ్చింది. రక్తనిధి, లాబ్, పళ్ళ విభాగం, పార్కింగ్... స్క్రీను మీద ఒక్కొక్కటే పచ్చగా మారుతూ వచ్చాయి. తొందరొద్దుగారి కప్పులో టీ ఇంకా వేడిగానే ఉంది. రోగుల్లో ఒక్కరికీ ఏమీ తెలియలేదు.

"అయిపోయిందా?" అన్నాడాయన నమ్మలేక.

"అయిపోయింది సార్."

అంతలో ఊళ్ళోని ఇంకో ఆసుపత్రి కంప్యూటర్ విభాగం నుంచి ఫోను. "అక్కా, మా దగ్గర ఏ సైటు ఎక్కడుందో కూడా మాకు తెలీట్లేదు" అంటున్న గొంతు ఏడుపొక్కటే తక్కువ. ఆమె సంచి భుజానికేసుకుని బయల్దేరింది, వెంట తొందరొద్దుగారు. సాయంత్రానికి ఆ ఆసుపత్రి కూడా గట్టెక్కింది. పక్క గదుల్లోంచి నర్సులు వచ్చి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ పూటే డాక్టరమ్మ ఫోను చేసింది. "రెండు ఆసుపత్రులూ కలిసి ఒక విభాగం పెడుతున్నాం. నువ్వే నడపాలి. మీ సారే చెప్పారు, నిన్ను మించినవాళ్ళు లేరని."

తాళాలమ్మ పక్కకి చూసింది. ఆయన మొహం తిప్పుకుని గోడ మీది గడియారం చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"అలాగేనండీ. కాకపోతే సర్టిఫికెట్ల మీద ఆ సంస్థలు పెట్టే సంతకాలు ఇంకా క్వాంటంకి తట్టుకోని పాత లెక్కవే. కొత్తరకం ఇచ్చే రోజు రాగానే అవీ మార్చాలి" అంది ఆమె.

"మారుస్తావులే. నాకేం బెంగలేదు" అంది డాక్టరమ్మ.

ఇంటికెళ్ళే బస్సులో సీటు దొరకలేదు. పైనున్న కమ్మీ పట్టుకుని, దారిపొడుగునా నిలబడే వెళ్ళింది తాళాలమ్మ, తల నిటారుగా పెట్టుకుని, తనలో తను నవ్వుకుంటూ.