మేడిగుట్ట పచ్చరెక్కల పురుగు

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాదులో కీటకాల మీద పరిశోధన చేస్తున్నదట. మామిడి తోటల్లో తిరిగే ఒక పచ్చ అల్లికరెక్కల పురుగు కోసం వెతుకుతున్నదట. దాన్ని మొదటిసారి వర్ణించిన వ్యాసంలో దొరికిన చోటు రామగుండం పరిసరాలు అని మాత్రమే ఉన్నదట. చివర కృతజ్ఞతల వరుసలో నా పేరు చూసి, మా పాత కాలేజీలో వాకబు చేసి నన్ను పట్టుకున్నది. ఆ వరుసలో నా ఇంటిపేరు తప్పు అచ్చయింది కాబట్టి పాపం చాలానే తిరిగి ఉంటుంది. సరిగ్గా ఏ ఊళ్లో దొరికింది మేడమ్ అని అడిగితే మేడిగుట్ట అని చెప్పాను. మ్యాపులో అట్లాంటి ఊరేదీ లేదే అన్నది. ఉండదమ్మా, ఇప్పుడక్కడ బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గొయ్యి ఉన్నది అన్నాను. ఆ పురుగు మళ్లీ ఇంకెక్కడా ఎవరికీ దొరకలేదట. ఫోన్ పెట్టేశాక, ఆ పాత సంగతంతా ఒకచోట రాసి పెట్టాలని కూర్చున్నాను.

మాది మంథని. గుడి కొలువు, బడి కొలువు తప్ప మరో పని ఎరగని ఇల్లు. పెళ్లయ్యాక బొగ్గుగనుల వాళ్లుండే సెంటినరీ కాలనీకి వచ్చాను. మా ఆయన గనుల సర్వే సెక్షన్‌లో పనిచేసేవారు. ఆరేసిన తెల్ల చీర తీసేసరికి మడతల్లో నల్లటి పొడి, సైరన్ కూతను బట్టి పెట్టుకునే వంట, రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే పక్కింటివాళ్ల కోసం గిన్నెలు చప్పుడు కాకుండా తోముకోవడం, ఇవన్నీ ఆ క్వార్టర్లలో కాపురం చేసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. నేను గోదావరిఖనిలో జువాలజీ చెప్పేదాన్ని. ఆ రోజుల్లోనే పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నాను. పంటల మీది చీడను తినే అల్లికరెక్కల పురుగులు నా విషయం.

ఎంత అందమైన ప్రాణి అది! లేత వేపాకు రంగు ఒళ్లు, బంగారు కళ్లు, ఒంటిని దాటి పొడుగ్గా ఉండే గాజు రెక్కలు, వాటి నిండా సన్నని ఈనెల అల్లిక. ఆకు మీద వెంట్రుక లాంటి కాడ నిలబెట్టి, దాని కొసన ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్లపురుగులు పేనుబంకను పీల్చి తింటూ, ఆ తిన్నవాటి తొక్కలనూ చెత్తనూ వీపు మీద మోస్తూ తిరుగుతాయి. మా వైపు పిల్లపురుగుల మూటల్లో బొగ్గుపొడి కూడా ఉండేది.

వాటికోసం తిరుగుతూ మేడిగుట్టకు చేరాను. రామగిరి వైపు చిన్న ఊరు. ఊరి చివర ఒక అవ్వకు మామిడి తోట ఉండేది. భర్త పోయాక ఒంటిచేత్తో పెంచిన చెట్లు. కొడుకులిద్దరూ గనిలో డ్యూటీకి పోయేవాళ్లు. వల చేతపట్టుకుని కొమ్మలు దులుపుతున్న నన్ను చూసి ఆవిడ మొదట కర్ర పట్టుకునే వచ్చింది. నేనెవరో, మా ఆయన ఏం పని చేస్తారో అడిగి తెలుసుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీ ఆయన భూమి కొలుస్తడు, నువ్వు పురుగులు పడ్తవు. ఇంగ మాకేం మిగులుస్తరు బిడ్డా?"

నవ్వుతూనే అన్నది కానీ నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఆ ఊరి కింద బొగ్గు ఉన్నదనీ, ఊరిని లేపి ఖాళీ చేయిస్తారనీ మాటలు నడుస్తున్నాయి. అయినా నన్ను తోటలోకి రానిచ్చింది. తర్వాత్తర్వాత ఎండన పడి వస్తే మజ్జిగ ఇచ్చేది, రాకపోతే కాలనీకి వచ్చే ఊరివాళ్లతో ఫికర్ పడి అడిగించేది.

ఆ తోటలోనే, మిగతావాటితో కలవని పురుగొకటి దొరికింది. చెంపల మీద ఉండాల్సిన నల్ల చారకు బదులు ఎర్ర చార. ముందు రెక్కల మధ్య కొన్ని ఈనెలు మాత్రం మసి పూసినట్టు నలుపు. బొగ్గుపొడే అంటుకున్నదనుకుని స్పిరిట్‌లో ముంచిన కుంచెతో మెల్లగా తుడిచాను. పోలేదు. అంతమాత్రాన కొత్త జాతి అనడానికి లేదు. ఒకే జాతిలోనూ రంగులు మారతాయి. అందుకని గుడ్లు తెచ్చి, దీపపు చిమ్నీలకు మల్లుగుడ్డ కట్టి వంటింటి గూట్లో పెంచాను. వాటి పిల్లలకూ అవే గుర్తులు వచ్చాయి. చచ్చిన పురుగు పచ్చదనం పోయి పసుపుపచ్చగా మారుతుంది కాబట్టి, బతికి ఉండగానే రంగులన్నీ రాసి పెట్టుకోవాలి. మగపురుగు పొట్ట కొసను పొటాష్ ద్రావణంలో నానబెట్టి, లోపలి నిర్మాణాన్ని మైక్రోస్కోపులో చూస్తూ గీయాలి. జాతి తేల్చేది అదే. మా గైడు సారు తెప్పించిన మ్యూజియం నమూనాలన్నిటితోనూ పోల్చాను. కొన్ని మామిడి కాపులు అట్లా గడిచాయి. దేనితోనూ కలవలేదు.

ఆ సంగతి అవ్వకు చెప్పినప్పుడు ఆవిడకు పురుగు సంగతి పెద్దగా పట్టలేదు. దొరికిన ఊరి పేరు దానికి పెట్టవచ్చు, మేడిగుట్టెన్సిస్ అని పెడతాను అంటే మాత్రం చేతిలో పని ఆపింది.

"ఊరు పోయినా ఆ పేరుంటదా?"

"ఉంటది అవ్వా. ఏ దేశపోళ్లు చదివినా ఉంటది."

మర్నాటికల్లా ఊరంతా చెప్పింది. నేను కనిపిస్తే చాలు, అరుగుల మీది ముసలివాళ్లు మా ఊరి పేరు పుస్తకంలకెక్కిందా అమ్మా అని అడిగేవాళ్లు.

వర్ణన రాసి, బొమ్మలు, నమూనాలు పట్టుకుని సారు దగ్గరికి పోయాను. ఆయన అన్నీ శ్రద్ధగా చూశారు, మెచ్చుకున్నారు. పేరు దగ్గరికి వచ్చేసరికి కలం తీసి కొట్టేశారు. తమ పాత శాఖాధిపతి గారి పేరు రాశారు. ఆ పెద్దమనిషి ఏనాడూ ఈ పురుగును చూసినవారు కారు, కానీ సారుకు రావలసిన పదవి ఆయన మాట మీద ఆధారపడి ఉన్నదని శాఖలో అందరికీ తెలుసు. ఊరి పేరే ఉంచమని బతిమాలాను.

"రేపోమాపో ఆ ఊరే ఉండదని నువ్వే అంటున్నావు కదమ్మా. లేని ఊరి పేరు ఎవరికి కావాలి?"

"అందుకే పెట్టమంటున్నాను సార్."

ఆయన కాగితాలు సొరుగులో పెట్టేశారు. అయితే నా పేరుతో వద్దు, నా బొమ్మలు నాకివ్వండి అన్నాను. నమూనాలూ బొమ్మలూ లేబొరేటరీవి అన్నారు. మా ఆయన ఒక పేరు కోసం ఇంత చదువు పాడు చేసుకుంటావా అని నచ్చజెప్పి చూశారు. నేను మళ్లీ ఆ గది మెట్లు ఎక్కలేదు. డాక్టరేటు రాలేదు. వ్యాసం మాత్రం వచ్చింది, సారు ఒక్కరి పేరుతో, నేను గీసిన బొమ్మలతో. దొరికిన చోటుగా కూడా మేడిగుట్ట అని రాయలేదు. రామగుండం అయితే అందరికీ తెలుస్తుందని కాబోలు.

ఊరు లేచేటప్పుడు పోయాను. తోటలో చెట్లు అప్పటికే నరికి ఉన్నాయి. కొడుకులు ట్రాక్టరులో మంచాలు, గాబులు సర్దుతున్నారు. అవ్వ ఒక మొద్దు మీద కూర్చుని, నన్ను చూడగానే పేరు పెట్టినవా బిడ్డా అని అడిగింది. పెట్టనియ్యలేదు అవ్వా అన్నాను, ఎవరు, ఎందుకు అన్నది కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ ట్రాక్టరెక్కుతున్న మంచాల వైపు చూస్తూ అన్నది.

"పోనియ్ బిడ్డా. వాళ్లు మన ఊరు చూడలే. చూసినోళ్లే కొలిచి తీస్కపోతున్నరు, చూడనోళ్లను ఏమంటం?"

నేను పోయి, ట్రాక్టరులోకి మంచం ఎత్తుతున్న కొడుకులకు ఒక చెయ్యి వేశాను.

ఊళ్లు పోయినవాళ్లకు కొత్తగా కట్టిన ఆర్ అండ్ ఆర్ కాలనీలో అవ్వ ఎక్కువ కాలం బతకలేదు. దవాఖానకు చూడబోతే చెట్ల సంగతి గానీ పేరు సంగతి గానీ ఎత్తలేదు. మా క్వార్టరు గడప ముందు దీపం చుట్టూ తిరిగే అల్లికరెక్కల పురుగులు కూడా ఏటేటా తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు పత్తి చేలల్లో చల్లే మందులకు మిత్రపురుగు, శత్రుపురుగు తేడా లేదు. ఇక ఆ శాఖలో పదవులూ పేర్లూ ఎట్లా పంచుకుంటున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మొన్న గోదావరిఖనిలో ఒక ఫంక్షన్ హాలులో పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర నా వయసు మనిషొకాయన పక్కవాళ్లకు తన వియ్యంకులను చూపిస్తూ, వీళ్లు మేడిగుట్టోళ్లు అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి తల ఎత్తి చూశాను. ఆ వియ్యంకుడి మనవరాలు, కాలేజీ పిల్ల, మేడిగుట్ట ఎక్కడ తాతా, మాది ఆర్ అండ్ ఆర్ కాలనీ కదా అన్నది. ఆ పిల్ల ఆ కాలనీలోనే పుట్టి ఉంటుంది, తప్పేమీ చెప్పలేదు. ఆ వియ్యంకుడు నవ్వి, ఔను బిడ్డా, గదే మన ఊరు అని, పెరుగు వడ్డించమని పిలిచాడు.