నేను కుదించిన మాటలు

గడ్డి లారీ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కోసిన లూసర్న్ గడ్డి పచ్చివాసన గదిలోకి వస్తుంది. రిటైరయ్యాక ఇక్కడ సౌదీలో, అల్ ఖర్జ్‌లోనే మా పెద్దవాడి దగ్గర ఉంటున్నాను. ఆ వాసనకు మటేయ్ గారు గుర్తొస్తారు, వెంటనే మల్లేశు గుర్తొస్తాడు, ఆ వెంటనే వాడి మీద కుళ్లు పుడుతుంది. పన్నెండేళ్లయినా ఈ వరుస మారలేదు.

మటేయ్ గారు స్లొవేకియా దేశపు సినిమా దర్శకుడు. కొండల్లో గొర్రెలు కాసేవాళ్ల ఇంట పుట్టారు. వాళ్ల మీదే మొదటి సినిమా తీస్తే అప్పటి ప్రభుత్వం దాన్ని ఇరవై ఏళ్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ ఇరవై ఏళ్లూ ఆయన పాల ఫ్యాక్టరీలో క్యాన్లు కడిగారు. ప్రభుత్వం మారి సినిమా బయటికొచ్చేసరికి జుట్టు నెరిసింది. తర్వాత పనివాళ్ల మీద చిన్న డాక్యుమెంటరీలే తీశారు. ఎడారిలో పాలు ఎలా వస్తాయో చూడాలని డెబ్బై దాటాక మా డెయిరీకి వచ్చారు. ఆఫీసులో గుమాస్తానైన నన్ను ఆయనకు దుబాసీగా వేశారు.

నాకు పద్దెనిమిదో ఏట నుంచి డైరీ అలవాటు. సినిమా నా డైరీల మీదే నడుస్తుందని ఆశపడి పన్నెండు పుస్తకాలు సంచిలో మోసుకెళ్లాను. ఒక పేజీ ఇంగ్లీషులో చెప్పమన్నారు. "ఉదయం నాలుగున్నర. మూడో ట్యాంకరు వెళ్లింది. ఎండ నలభై ఏడు. ఆరోగ్యం బాగు."

"బాగుంది. ఇందులో మనుషులెక్కడ?" అన్నారు నవ్వుతూ.

మర్నాడు కెమెరా మల్లేశు ముందు పెట్టారు. మల్లేశుది జగిత్యాల వైపు. ఆవులకు పాలు తీసే యంత్రాలు తగిలించే పని. సంతకం తప్ప రాయడం రాదు. వారం రోజులు ఆయన వాడి వెంటే తిరిగారు.

"ఏమప్పా మల్లేశూ, హీరో అయిపోయినావే" అన్నాను.

"నీ దయనే సాబ్. నువ్వు చెప్తెనే గద ఆయనకు ఎక్కేది." వాడి మాటలో ఎగతాళి లేదు. అందుకే ఇంకా కుట్టింది.

ఆ రోజే వాడు కెమెరా ముందు ఒక ఆవు మీద చెయ్యేసి చెప్పాడు: "దూడ పుట్టంగనే తీస్కపోతరు సారూ. ఇగ ఇది పాలు సేపది. మిషిను పెట్టినా సేపది. నేను దీనికి నా బిడ్డ ముచ్చట చెప్త. నా బిడ్డకు అయిదేండ్లు, నేనింకా సూడనే లేదు. ఇది దూడను సూడలె, నేను బిడ్డను సూడలె. ఇద్దరం ఒక్కతీరు."

మటేయ్ గారు నా వైపు తిరిగారు. "దూడ లేకపోతే ఆవులు పాలివ్వవట" అన్నాను. అంతే అన్నాను.

సాయంత్రం డైరీ తీస్తే చెయ్యి ఊరుకోలేదు. జరిగింది జరిగినట్టు రాయడం అలవాటు. మల్లేశు మాటలన్నీ రాశాను, నేను చెప్పిన ముక్క కూడా రాశాను.

మర్నాడు చాయ్ తాగుతూ మటేయ్ గారు అన్నారు, "నా సినిమా చూసి ప్రభుత్వానికి రిపోర్టు రాసిచ్చింది నా స్నేహితుడే. చాలా పద్ధతైన మనిషి. ఒక్క అబద్ధం రాయలేదు. కొన్ని వదిలేశాడు." నా వైపు చూడలేదు. గ్లాసులోకి చూస్తున్నారు. "మల్లేశు నిన్న చాలాసేపు మాట్లాడాడు."

ఆయన మర్నాడు విమానం ఎక్కుతారు. నేను చెప్పకపోతే ఆ మాటలు ఎవరికీ అర్థం కాకుండానే పోతాయి. డైరీ తెచ్చి మొత్తం చదివి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మెల్లగా, మళ్లీ చెప్పండి" అని రాసుకున్నారు.

సినిమాలో మల్లేశు ముఖం తెర నిండా ఉంటుంది. కింద వచ్చే ఇంగ్లీషు నాది. నా పేరు చివర్లో చదివేలోగా పోతుంది. చూసినవాళ్లంతా మల్లేశు గురించే అడుగుతారు.

ఇప్పటికీ డైరీలో ఎండ ఎంతో రాస్తాను. దాని కింద, ఆ రోజు ఎవరైనా నాతో చెప్పిన మాట ఒకటి, తగ్గించకుండా రాస్తాను. నిన్న మల్లేశు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "నా బిడ్డ ఇంటర్ పాసైంది సాబ్. మా నాయిన సినిమాల ఉన్నడని కాలేజీ అంత చెప్పుకుంటది."

రాత్రి ఆ మాటలు డైరీలో రాస్తుంటే రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగింది. అది కూడా రాశాను.