కాలి మందుకి పంటితో ఏం పని?

అరవై ఎనిమిదిలో, నెల్లిమర్లలోని మా ఇంట్లో ఒక్క పూటలో పోయినవి: మా బావ పన్ను ఒకటి, నా కొత్త తువాళ్లు మూడు, చెంబెడు నెత్తురు.

కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందని బావకు పెద్దాసుపత్రిలో హెపారిన్ సూదులు వేశారు. ఇంటికి పంపేటప్పుడు వాటికి బదులుగా నెత్తురు గడ్డకట్టనివ్వని మాత్రలిచ్చారు. ఆ మాత్రలు మింగుతూనే ఓ పొద్దున పన్ను పీకించుకొచ్చాడు. మధ్యాహ్నమైనా నెత్తురు ఆగలేదు.

“మాత్రల సంగతి పళ్ల డాక్టరుకి సెప్పినావా బావా?” అనడిగాను.

“అది కాలి మందురా! పంటికేటి సంబంధం?” అన్నాడు, నోటికి తువాలు అడ్డంపెట్టుకునే.

“నీకు దండవెడతాను, మాటాడక జట్కా ఎక్కు!” అని అక్క ఏడ్చింది.

విజయనగరంలో విరుగుడు సూది వేస్తే, మర్నాటికి నెత్తురు ఆగింది. ప్రాణం దక్కింది.

మింగిన మందు ఒళ్లంతా తిరుగుతుందని ఎన్నిసార్లు చెప్పినా, తప్పు పళ్ల డాక్టరుదేనంటాడు బావ. నాకు రావలసిన తువాళ్లు ఇప్పటికీ మూడు.