ముప్పయ్యో రోజుకు ముందు

అన్న సెలవు అయిపోయి ఇరవై నాలుగు రోజులైందని నా డైరీకి తెలుసు. అమ్మకు తెలియదు.

అన్న సిపాయి. సెలవు మీద వచ్చి, దోణిమలై గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే స్నేహితుడి టిప్పర్ ఎక్కాడు. ఒక ట్రిప్పు వెంట ఇంకో ట్రిప్పు. సెలవు పొడిగించమని పటాలానికి ఉత్తరం రాసింది నేనే.

"అమ్మకు జబ్బని రాయి. నీ రాత బాగుంటాది" అన్నాడు. రాశాను. అమ్మ అప్పుడు మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది.

సెలవు పెంచేది లేదు, వెంటనే రమ్మని జవాబొచ్చింది. అన్న దాన్ని జేబులో పెట్టుకుని మళ్ళీ లారీ ఎక్కాడు. ఏ పుస్తకం తెరిచినా నాకు పేజీ తిరగలేదు. రోడ్డు మీద లారీల మోత ఆగేది కాదు. డైరీ పుటల మధ్య కూడా ఎర్రదుమ్ము.

చర్చిలో ప్రార్థన మనవి కూడా పైకి చెప్పలేనిదాన్ని. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘంలోని రిటైరైన హవల్దారు తాతను ఆపాను.

"సిపాయి సెలవు దాటితే ఏం చేస్తారు తాతా?"

"ఎన్ని దినాలాయ మీ అన్నకి?"

"ఇరవై నాలుగు" అన్నాను.

"ముప్పై లోపల తానే పోయి నిలబడితే సీఓ సాబ్, అంటే పటాలం పెద్ద, ఆయన టేబుల్ ముందరే తీరిపోవచ్చు. శానా అంటే ఇరవై ఎనిమిది దినాలు లోపలేస్తాడు. ఆ సాబే కోర్టు పెడితే ఏడాది దాకా జైలు. ముగ్గురు ఆఫీసర్లు కూర్చునే డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్ అయితే రెండేండ్లు. ఐదుగురు కూర్చునేది జనరల్ కోర్టు మార్షల్, దాని మాట ఆదివారం వద్దులే. ముప్పై దాటితే ఎంక్వయిరీ పెట్టి భగోడా, అంటే పారిపోయినోడని రాస్తారు. అప్పుడు పై కోర్టే."

"ఉత్తరంలో అబద్ధం రాసుంటే?"

ఆయన నా ముఖం చూశాడు. "సాబ్ అడగకముందే వాడే చెప్పాల."

సోమవారం పొద్దున టిప్పర్లు ఆగే టీ అంగడికి వెళ్ళాను.

"మీ చెల్లికి కాళ్ళుండాయాప్పా, పుస్తకాలే అనుకుంటి!" అన్నాడు టిప్పర్ స్నేహితుడు, పక్కనే టీ తాగుతున్న అన్నతో. అందరూ నవ్వారు.

"ఇంక ఐదు దినాలే ఉండాయి అన్నా. రైల్లోనే రెండు పోతాయి. దాటితే భగోడా అని రాస్తారంట."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"జబ్బు అబద్ధమని సాబ్‌కి నువ్వే చెప్పు. లేకుంటే నేను రాస్తా" అన్నాను.

"పోయి పెట్టె సర్దుపో" అన్నాడు.

మంగళవారం రైలెక్కాడు. తర్వాత కార్డు వచ్చేదాకా పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లుకు వంటింట్లో నుంచి ఎన్నిసార్లు పరిగెత్తానో.

"పద్నాలుగు దినాలు లోపలుంటి. సీఓ సాబ్ దగ్గరే అయిపోయింది. అమ్మకు జబ్బని ఉత్తరం నేనే చెప్పి రాయిస్తినని ఒప్పుకుంటి. రాత మాత్రం బాగుందన్నాడు."

"ఏం రాసినాడు? చదువు" అంది అమ్మ.

ఉత్తరం గురించిన ఆ రెండు వాక్యాలు దాటేయవచ్చు, అమ్మకు చదువు రాదు. అయినా మొదటి నుంచి చివరిదాకా చదివాను.