నాలుగిరవైల తొమ్మిది

ముందు పోయినవి రాస్తాను. హాజరు పుస్తకం ఒకటి. కూలీల షెడ్డు రేకులు పద్నాలుగు, వాటిలో ఒక రేకు మీద మేకుతో గీసిన గీతలు. పంతొమ్మిది మంది మనుషుల పనిదినాలు, వెయ్యి ఏడువందల ఎనభై ఆరు. ఈ చివరి అంకె నాకు ఆ రోజు తెలియదు. దాన్ని తేల్చడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. తేల్చాక కూడా అందులో ఒకరి దగ్గర తప్పు చేశాను. ఇది ఆ తప్పు గురించే.

పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ప్రోతరాపూర్‌లో మా తెలుగు చర్చి సేవా కమిటీకి నేను గుమాస్తాగా చేరి అప్పటికి నాలుగో ఏడు. మే నెల మూడో వారం, వానలు అప్పుడే మొదలయ్యాయి. చర్చి పక్కనే, సిప్పీఘాట్ వైపు, ఒక క్వార్టర్స్ కట్టడం పని పట్టిన చిన్న కాంట్రాక్టరు, పని సగంలో ఉండగానే రేకులు విప్పించుకుని, హాజరు పుస్తకంతో సహా వెళ్లిపోయాడు. ఫోను ఎత్తడం మానేశాడు. షెడ్డులో ఉండే కూలీల కుటుంబాలు తడిసిన సామాన్లతో చర్చి వరండాలోకి వచ్చాయి. పాస్టరు అయ్యగారు పాత సండే స్కూల్ గదులు రెండూ తెరిపించారు.

అంతకుముందు నేను ఇరవై రెండేళ్లు జెట్టీ పనుల మీద టైమ్‌కీపర్‌గా చేశాను. చదివింది ఎనిమిదో తరగతి. లెక్క మటుకు ఎవరూ నేర్పకుండా వచ్చింది. టైమ్‌కీపర్ పని బయటికి చిన్నగా కనిపిస్తుంది. ఉదయం ఏడింటికి ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి పేర్లు పిలవాలి. వచ్చినవాడికి గుర్తు, పూట మాత్రమే చేసినవాడికి హాఫ్, రానివాడికి నాగా. నెలాఖరున అడ్డంగా కూడాలి, నిలువుగా కూడాలి. రెండు మొత్తాలూ కలిస్తేనే పుస్తకం మూయాలి. ఒకే దారిలో వచ్చిన అంకెను నమ్మకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. అది నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి.

కమిటీ ఆ కూలీలకు బియ్యం, దుప్పట్లు ఇచ్చింది. అంతటితో ఆపేద్దామన్నవాళ్లు కొందరున్నారు. అధ్యక్షురాలు రూతమ్మగారు, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, ఒప్పుకోలేదు. కట్టడం కూలీలకు ప్రభుత్వ సంక్షేమ బోర్డు ఒకటుంది. గడిచిన ఏడాదిలో తొంభై రోజులు పని చేసినట్టు చూపిస్తే పేరు నమోదు చేసి కార్డు ఇస్తారు. కార్డుంటే దెబ్బ తగిలినా, కాన్పు వచ్చినా సాయం అందుతుంది. కాంట్రాక్టరు సంతకం లేకపోతే, రోజుల వివరం రాసిచ్చి కార్మిక యూనియన్ చేత ధ్రువీకరింపజేయవచ్చని ఆఫీసులో చెప్పారు. ఆ వివరం తయారు చేసే పని కమిటీ నాకు అప్పగించింది.

"మన రిజిస్టరులో పేరు లేనివాళ్ల కోసం ఇంత తిరగడం ఎందుకండీ?" అన్నాడు కోశాధికారి ప్రకాశం. వాళ్లలో చర్చికి వచ్చేవాళ్లు నలుగురే.

"ఏ రిజిస్టరులోనూ పేరు లేదు కాబట్టే కదయ్యా మన దగ్గరికి వచ్చారు" అన్నారు రూతమ్మగారు.

పుస్తకం లేకుండా హాజరు కట్టడం ఎలాగో చెప్తాను. పని జరిగే చోటికి ఎదురుగా ఒక టీ కొట్టు. మేస్త్రీ ఖాతా మీద కూలీలకు రోజూ రెండు పూటలా టీ ఇచ్చేవారు. కొట్టతను తేదీ వేసి, తాగినవాళ్ల పేర్లు వరసగా రాసుకున్నాడు. పనికి రానివాడికి టీ లేదు. అదొక దారి. రెండో దారి నాగాలు. పని ఆదివారాలు పోను నూట నాలుగు రోజులు నడిచింది. ఎవరు ఎన్నాళ్లు ఎందుకు మానారో అడిగి ఆ నూట నాలుగులోంచి తీసేయాలి. మనిషికి పని చేసిన రోజులు గుర్తుండవు కానీ మానిన రోజులు గుర్తుంటాయి, జ్వరమో, ఆస్పత్రో, షిప్ టికెట్ లైనో ఏదో ఒకటి వాటికి అంటుకుని ఉంటుంది. పద్దెనిమిది మందికి రెండు దారులూ కలిశాయి.

ఇంకో రెండు రోజులకు మా చర్చే సాక్షి. శ్లాబ్ వేసేటప్పుడు కాంక్రీట్ మధ్యలో ఆపకూడదు కాబట్టి రెండు ఆదివారాలు కూడా పని చేయించారు. పని స్థలం చర్చికి గోడ దూరం. ఆరాధన రిజిస్టరులో ఆ రెండు తేదీలకు ఎదురుగా అయ్యగారు తన చేత్తో రాసి ఉంచారు: మిక్సర్ శబ్దం వల్ల ప్రసంగం కుదించడమైనది. ఆ రెండు రోజులూ పంతొమ్మిది మందీ పనిలో ఉన్నారు.

పంతొమ్మిదో మనిషి పార్వతి. శ్రీకాకుళం వైపు నుంచి భర్త అప్పారావుతో వచ్చి మూడేళ్లు. ఏడో నెల కడుపుతో ఉంది. కార్డు అవసరం అందరికీ ఉంది, గడువు మటుకు ఆమెకే ఉంది. కాన్పు కాకముందే పేరు నమోదైతేనే కాన్పు సాయం వస్తుంది. ఆమె టీ తాగదు, కాబట్టి కొట్టు పుస్తకంలో ఆమె పేరు లేదు. ఆమె తన రోజులు, ఆ రెండు ఆదివారాలు కాక, తానే షెడ్డు రేకు మీద మేకుతో గీసుకుంది. ఆ రేకు కాంట్రాక్టరు పట్టుకుపోయిన పద్నాలుగింటిలో పోయింది. పోయే ముందు రోజు, రాంచీ నుంచి వచ్చిన తోటి కూలీ సుశీలా దీదీ, తనూ కలిసి గీతలు లెక్కపెట్టారట.

పార్వతి వివరాలు రాసుకున్న రోజు నేను హిందీలోనే అడిగాను. ఇన్‌స్పెక్టర్ వస్తే హిందీలోనే అడుగుతాడు, అలవాటు కావాలని. పార్వతి నోరు తెరిచేలోపు సుశీలే చెప్పేసింది.

"నవాసీ దిన్, బాబూజీ."

మా దీవుల్లో తెలుగువాళ్లం హిందీ అంకెలు యాభై దాకా బజారులో నేర్చుకుంటాం. ఆ పైన ఇంగ్లీషులోకి దూకుతాం. నేను దూకేవాణ్ణి కాదు. నాకొక సూత్రం ఉండేది. హిందీలో ముప్పైకి ఒకటి తక్కువ ఉన్‌తీస్, అరవైకి ఒకటి తక్కువ ఉన్‌సఠ్. తొమ్మిదితో ముగిసే అంకెకు పేరు ఎప్పుడూ పై పది నుంచి వస్తుంది. అస్సీ అంటే ఎనభై. నవాసీలో తొమ్మిది వినిపించింది, ఎనభై వినిపించింది. కాబట్టి ఎనభైకి ఒకటి తక్కువ. డెబ్బై తొమ్మిది అని రాశాను. డెబ్బై తొమ్మిదిని ఉన్యాసీ అంటారనీ, నవాసీ అంటే ఎనభై తొమ్మిది అనీ, అక్కడికి వచ్చేసరికి ఆ సూత్రం పని చేయదనీ నాకు తెలియదు.

రెండు ఆదివారాలు కలిపితే ఎనభై ఒకటి. తొమ్మిది తక్కువ. మిగతా పద్దెనిమిది మందీ తొంభై దాటారు. కమిటీలో ఈ మాట చెప్పాను.

"తొమ్మిదే కదా, వేసెయ్యండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు ప్రకాశం. ఆయన కూడా ఆమె మంచికే అన్నాడు.

"లేని రోజు నేను రాయను" అన్నాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆ మాట అనిపించింది. రూతమ్మగారు ఉన్నది ఉన్నట్టే పంపుదాం, ఆమె పరిస్థితి చూసి ఆఫీసువాళ్లు ఏమైనా సడలిస్తారేమో అన్నారు. పార్వతి పక్క గదిలోనే ఉంది. ఆమెను పిలిచి అడుగుదామని ఎవరికీ తోచలేదు. ఫారం పంపామని మాత్రం చెప్పాం.

జూన్ చివర్లో జాబితా వచ్చింది. పద్దెనిమిది పేర్లు. పార్వతి పేరు లేదు.

ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వెనకాలే సుశీల.

"అందరివీ అయినాయి, నాదేటి అవనేదు భయ్యా?"

రోజులు చాలలేదమ్మా అన్నాను.

"దీదీ సెప్పినన్నీ రాసినావా?"

"డెబ్బై తొమ్మిది రాశాను. ఆదివారాలు రెండు వేరే."

ఆమె వేళ్ల కణుపుల మీద ఏదో చూసుకుంది. "అదెన్ని ఇరవైలు?"

"మూడిరవైల పంతొమ్మిది."

"నావి నాలుగిరవైల తొమ్మిది కదా" అంది.

సుశీలకు తెలుగు కొంచెం వచ్చు. "బాబూజీ, మై నవాసీ బోలీ థీ. ఆప్ ఉన్యాసీ లిఖ్ దియే క్యా?" అని నవ్వేసింది. పార్వతి నవ్వలేదు.

అప్పుడు, మొదటి రోజే అడగాల్సింది అడిగాను. నాగాలెన్ని? ఆమె ఆలోచించకుండా చెప్పింది. జ్వరం నాలుగు రోజులు. ఆస్పత్రికి ఆరు. అప్పారావు చేతికి కడ్డీ దిగినప్పుడు మూడు. షిప్ టికెట్ కోసం లైనులో రెండు. పదిహేను. నూట నాలుగులో పదిహేను పోతే ఎనభై తొమ్మిది. ఆదివారాలతో తొంభై ఒకటి. ఈ తీసివేతకు అర నిమిషం పట్టింది. పద్దెనిమిది మందికి రెండు దారుల్లో చూసిన నేను, రెండో దారి ఒక్కటే మిగిలిన మనిషి దగ్గర అది కూడా అడగకుండా ఒక మాట విని అంకె వేశాను.

మర్నాడే కొత్త వివరం రాసి, నా పొరపాటు ఎలా జరిగిందో విడిగా ఒక పేజీ జతచేసి, యూనియన్ సంతకంతో పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసులో ఇచ్చాను. అక్కడ ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ దరఖాస్తులు వరసలో వెళ్లాలి, విచారణకు ఇన్‌స్పెక్టర్ మళ్లీ రావాలి. వచ్చాడు, సుశీలను అడిగాడు, రాసుకున్నాడు. పార్వతికి జూలైలో ఆడపిల్ల పుట్టింది. కార్డు ఆ తర్వాత పదకొండో రోజున వచ్చింది. కాన్పు సాయానికి ఆ కార్డు చెల్లదు.

కమిటీ ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. "లేని రోజు రాయనన్నారు. ఉన్న రోజులు కొట్టేశారన్నమాట" అన్నాడు ప్రకాశం.

"ఆయన ఒక్కడే కొట్టెయ్యలేదు" అన్నారు రూతమ్మగారు. "ఆమెను పిలిచి కూర్చోబెట్టకుండా ఆమె సంగతి మనమందరం కలిసి తేల్చాం." ఆ సాయం ఎంత వచ్చేదో అంతా చర్చి సహాయ నిధి నుంచి ఇవ్వాలని తీర్మానం చేశారు.

కవరు తీసుకుని రూతమ్మగారూ నేనూ గదికి వెళ్లాం. పార్వతి పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎక్కడివమ్మా ఈ డబ్బులు అని అడిగింది. చర్చిలో జనం వేసే కానుకల్లోవి అని రూతమ్మగారు చెప్పారు. పిల్లకు స్త్రీల సమాజం వాళ్లు కుట్టి తెచ్చిన బట్టలు తీసుకుంది, కవరు వెనక్కి జరిపింది.

"ఆళ్లేటి సేసినారమ్మా నాకు? బియ్యం ఎట్టినారు, ఇల్లు ఇచ్చినారు. నా రోజులు తీసింది ఈ భయ్యా. పది రోజులు. ఆ పది రోజులూ ఈయన పన్చేస్తే సరిపోద్ది."

రూతమ్మగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఏం పని చెయ్యాలమ్మా అని నేనడిగాను.

"నీళ్లు మొయ్యి."

చర్చి బావి పల్లంలో ఉంది. గదుల దాకా నలభై రెండు మెట్లు, వానాకాలం పాచి. అప్పారావు మొదటి బస్సుకే పనికి పోతాడు. బాలింత ఆ మెట్లు దిగకూడదు. రోజుకు ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు కావాలి. మర్నాడు ఏడింటికి వెళ్లాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఒక్కో డబ్బాకు మధ్యలో రెండుసార్లు ఆగాను. నాలుగోది దించాక, ఆమె గుమ్మం పక్కన గోడ మీద బొగ్గుతో నిలువు గీత ఒకటి గీసింది.

మూడో రోజు బస్సు దొరక్క ఏడున్నర అయింది. డబ్బాలు నాలుగూ మోశాను. ఆమె సగం గీతే గీసింది.

"ఇదేమిటమ్మా?"

"హాఫ్" అంది. "మీ మేస్త్రీలు మాకు ఏడున్నరకి ఏటి ఏసీవోరు?"

నేను కూడా హాఫే వేసేవాణ్ణి. ఇరవై రెండేళ్లు వేశాను. ఆరో రోజు వాన జోరుగా ఉండి రెండు డబ్బాలే మోయగలిగాను. అది కూడా హాఫ్. సుశీల వరండాలో కూర్చుని, "బాబూజీకా మేట్ బడా కడక్ హై" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పేది. మేట్ అంటే కూలీల మీద పెద్ద, కడక్ అంటే కఠినం.

ఎనిమిదో రోజు సాయంత్రం విశాఖ షిప్‌కు టికెట్లు ఇస్తున్నారని తెలిసింది. నెలకు ఒకసారి పోయే షిప్పది, తప్పితే మళ్లీ ఎప్పుడో తెలియదు. పిల్లను ఊళ్లో ఉన్న తన తల్లికి చూపించాలని అప్పారావు అర్ధరాత్రి దాకా లైనులో నిలబడి టికెట్లు తెచ్చాడు, షిప్ తెల్లవారుజామునే. తొమ్మిదో రోజు ఏడింటికి నేను వెళ్లేసరికి గది ఖాళీ. బొగ్గు గీతలు మటుకు గోడ మీద ఉన్నాయి.

తర్వాత ఐదేళ్లు కమిటీలో పని చేశాను. కళ్లు సరిగా ఆనక గత ఏడాది మానుకున్నాను. ఆ ఐదేళ్లలో మా ఫారాల్లో ఒక గడి అదనంగా ఉండేది. మనిషి తన అంకెను తన భాషలో, తన పద్ధతిలో ఎలా చెప్పారో ఆ మాటనే అక్కడ అక్షరాల్లో రాయాలి. తర్వాతే అంకె వెయ్యాలి. రాసింది ఆ మనిషికే చదివి వినిపించాలి. ఆ మనిషి లేకుండా వారి ఫారం మీద చర్చ జరగకూడదు. ఈ పద్ధతి పెట్టాక ఫారానికి పది నిమిషాలు ఎక్కువ పట్టింది. అంకె సరిగా రాయడం ఎంత పనో, ఎవరి అంకె అని అడగడం కూడా అంతే పని. నేను ఆ రెండోది యాభై రెండో ఏట నేర్చుకున్నాను.

పార్వతి వెళ్లిన ఏడు క్రిస్మస్‌కు గదులకు సున్నం వేశారు. వేసే ముందు గోడ మీదివి పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. నిలువు గీతలు ఆరు, సగం గీతలు రెండు. కలిపితే ఏడు రోజులు. పార్వతి ఇప్పటికీ తిరిగి రాలేదు. మూడు రోజులు బాకీ ఉన్నాను.