పాట అయ్యాక మిగిలిన టేపు

రేడియో స్టేషన్లో అందరూ ఆమెను సెకన్లక్క అని పిలిచేవారు. వెనకాల కాదు, ముఖం మీదే. ఆవిడ పని అలాంటిది మరి. రోజంతా ఏ పాట వేశారో, ఎవరు పాడారో, ఎవరు రాశారో, ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లు మోగిందో పట్టికలో ఎక్కించాలి. నెలాఖరుకి ఆ పట్టిక రచయితల సంఘానికి వెళ్తుంది. దాన్ని చూసే ఎవరి పాటకి ఎంత రాయల్టీ రావాలో సంఘం వాళ్ళు తేలుస్తారు. మంచి పాట వస్తే జనం కళ్ళు మూసుకుంటారు. ఈవిడ మాత్రం గడియారం మీద కళ్ళు పెట్టుకుని వినేది. కూతురు పుట్టగానే ఎంతసేపు ఏడ్చిందో కూడా రాసిపెట్టుకుందని అనౌన్సర్లు ఏడిపించేవారు. అదేం అబద్ధం కాదని ఆవిడ భర్త నవ్వేవాడు.

ఇరవై ఏడేళ్ళు ఆ ఒక్క గదిలోనే గడిచాయి. ఒక బల్ల, ఒక హెడ్‌ఫోన్, గోడల నిండా టేపుల అట్టపెట్టెలు. ఆవిడ పట్టికలో తప్పు దొర్లిందని సంఘం నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకునేది కాదు కానీ, ఎవరైనా చెబితే వద్దనేదీ కాదు.

రోజూ సాయంత్రం ఆరుంబావుకి స్టేషన్ ఒకే పాట వేసేది. దూరంగా ఎక్కడో కూర్చుని పాడుతున్నట్టుండే ఒక ఆడగొంతు, వెనక ఒక్క హార్మోనియం. పనిలో అలసిపోయి ఇంటికొచ్చే మనిషి కోసం పాడిన పాట అది.

తలుపు గడియ వెయ్యలేదు, తొందరేమీ లేదు
చల్లారితే వేడి చేస్తా, మెల్లగా రా నువ్వు

మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. రచన అన్న గడిలో మాత్రం 'సంప్రదాయం' అని రబ్బరు ముద్ర ఉండేది. ఎవరు రాశారో తెలియదు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని దాని అర్థం.

గడియారం చూడకుండా సెకన్లక్క విన్న పాట లోకంలో ఏదైనా ఉందంటే అదొక్కటే. పన్నెండేళ్ళ కిందట ఆవిడ భర్త కాలు లారీ కింద పడి నుజ్జయింది. కాలైతే నిలిచింది కానీ మనిషి మంచం దిగనని మొండికేశాడు. నడిపించకపోతే ఆ కాలు ఎందుకూ పనికిరాదని డాక్టరు చెప్పి పంపేశాడు. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి రేడియో పెట్టి, ఇంక మాట్లాడే ఓపిక లేక, తలుపు దగ్గర నేల మీద కూలబడింది. పాట మొదలైంది. తొందరేమీ లేదు అన్న చోట మంచం కిర్రుమంది. ఆయన గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆ పాట ఉన్నంతసేపూ నడక. ఆరు నెలలకి వీధి చివరి దుకాణం దాకా వెళ్ళి, చిల్లర మర్చిపోయి వచ్చి తిట్లు కూడా తిన్నాడు. ఆ పాట రాసిన తల్లి ఎవరో కనబడితే రెండు చేతులూ పట్టుకోవాలని అక్కకి ఎంత కోరికో. కానీ సంప్రదాయానికి చిరునామా ఎక్కడుంటుంది?

రిటైరవడానికి నెల ఉందనగా పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలైంది. మధ్యాహ్నం పూట టెక్నీషియన్ ఆరుంబావు పాట టేపు పెట్టి టీకి వెళ్ళాడు. వెళ్ళాడంటే ఇప్పట్లో రాడు, ఆయన టీ సంగతి స్టేషన్ మొత్తానికీ తెలుసు. పాట అయిపోయింది. టేపు మాత్రం ఆగకుండా సన్నగా బుసకొడుతూ తిరుగుతోంది. ఆపుదామని అక్క లేచేసరికి, ఎప్పుడో చనిపోయిన పాత రికార్డిస్టు గొంతు వినబడింది.

"రాసిందెవరమ్మా?"

"నేనేనండీ."

తర్వాత ఆ అమ్మాయి తన పేరు, ఇంటిపేరు, పనిచేసే ఆసుపత్రి లాండ్రీ పేరు విడివిడిగా చెప్పింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

అక్క టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆ రికార్డిస్టు ఆమెకో మాట చెప్పాడు. టేపు పెట్టెలో పేర్లు రాసి పెట్టే చీటీలు పోతుంటాయి కాబట్టి, పాట అయ్యాక వివరాలు అడిగి టేపు చివర రికార్డు చేస్తానని, చీటీ దొరకనప్పుడు చివరిదాకా వినమని. సరేనంది. ఈ పాట చేతికొచ్చిన రోజు బల్ల మీద నలభై టేపులున్నాయి. ఈ టేపుకి చీటీ లేదు. పాట ఆగింది, మూడు పన్నెండు అని రాసింది, ముద్ర కొట్టింది, తర్వాతి టేపు పెట్టింది. సెకను కూడా పోనివ్వనని పేరు తెచ్చుకున్న మనిషి ఆ చివరి పది సెకన్లు వినలేదు.

స్టేషన్ మేనేజరు చెడ్డవాడేం కాదు. అందుకే అక్క చెప్పిందంతా విని, కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పాడు. "అక్కా, ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు. పేరు మార్చాలంటే తప్పు మీదేనని మీరు రాసివ్వాలి. రాసిస్తే మీ ఫైల్లో రిమార్కు పడుతుంది, అది నా చేతిలో ఉండదు. వెళ్ళిపోయే ముందు ఎందుకు మీకిది?"

ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. చెబుతూ మధ్యలో నీళ్ళు నమిలింది కూడా. ఇన్నేళ్ళ మచ్చలేని పేరు మరి, ఎవరికి మాత్రం తీపి కాదు? ఆయన అంతా విని, కర్ర పక్కన పెట్టి, "ఆ పాట పట్టుకుని లేచినవాణ్ణి నేను. రాసెయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రాసింది. రచయిత్రి సంతకం కూడా కావాలి కాబట్టి ఆ కాగితం పట్టుకుని లాండ్రీకి వెళ్ళింది.

ఆ అమ్మాయి ఇప్పుడు యాభైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ గదికి పెద్ద. ఆవిరిలో నిలబడి ఆసుపత్రి దుప్పట్లు మడతపెడుతోంది. అక్క దారంతా తిట్లకి సిద్ధపడే వచ్చింది. పాట పేరు చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది.

"రోజూ సంప్రదాయ గేయం అంటారు కదండీ. అందరూ పాడేసుకుంటే పాట అందరిదీ అయిపోతుందేమో, అందుకే పేరు తీసేస్తారేమో అనుకున్నాను. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, నమ్మరని. లోపల్లోపల మాత్రం భలే గర్వంగా ఉండేది."

తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. అక్క ఏదీ దాచకుండా చెప్పేసింది, చీటీ పోవడం, నలభై టేపులు, వినని పది సెకన్లు.  అంతా విన్నాక ఆవిడ చేతిలోని దుప్పటి రెండో కొస అందించి, పట్టుకోండి అంది. ఇద్దరూ కలిసి ఆ దుప్పటి మడిచారు. ఇంకోటి మడిచారు.

"అంటే అందరిదీ అయినందుకు కాదన్నమాట."

"అందరిదీ అయింది. అదీ నిజమే," అంది అక్క. భర్త సంగతి చెప్పింది. గోడవైపు తిరిగి పడుకోవడం, మంచం కిర్రుమనడం, అన్నీ. ఆవిడ మడతపెట్టడం ఆపేసింది.

"నిజంగా లేచారా?"

"లేచారు."

"ఎన్ని అడుగులేశారు?"

అడిగింది సెకన్లక్కని. "మొదటి రోజు పదకొండు," అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ వచ్చేసింది. తప్పు చేసి క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషి, లాండ్రీ మనిషి చేతులు పట్టుకుని, థాంక్సమ్మా, థాంక్స్ అంటూ ఉండిపోయింది. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టింది. ఆ పాట తను రాసింది రాత్రి షిఫ్టులు చేసే వాళ్ళమ్మ కోసమని అప్పుడు చెప్పింది.

రిమార్కు పడనే పడింది, రెండు లైన్లు. పాత బాకీలో మూడేళ్ళదే ఇస్తామని, మిగతాది నిబంధనలు ఒప్పుకోవని సంఘం రాసింది. మూడేళ్ళదైనా వస్తోంది కదా, వాషింగ్ మెషిన్ కొనుక్కుంటానంది లాండ్రీ మనిషి. పొద్దస్తమానం బట్టల మధ్య ఉండి ఇంట్లోనూ ఉతుక్కోవడం తన వల్ల కావట్లేదట.

పేరు మారిన రోజు సాయంత్రం అక్క లాండ్రీకే వెళ్ళింది. ఆరింటికి మెషిన్లన్నీ ఆపించారు. ఆడవాళ్ళంతా రేడియో చుట్టూ చేరారు. పాట అయింది. అనౌన్సరు రచన అని, ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా చదివాడు. ఇన్నేళ్ళు మా పక్కనే ఉండి చెప్పలేదేంటే అని ఒకామె వీపు మీద చరిచింది. ఆవిడ అదేం పట్టించుకోలేదు. రేడియో వైపే చూస్తూ నిలబడి, కాసేపటికి అక్క చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"మళ్ళీ చెప్తారా?"

"రేపు చెప్తారు," అంది అక్క. "ఎల్లుండి కూడా."