కల్లు పరీక్ష

మా బాపు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. తెగిన పోగు ముడి వేయబోతే చేతులు వణికేవి. తాను తాగనని బాపు ఎంత చెప్పినా, తాగుబోతు వణుకన్నారు అందరూ. ఒకరోజు మా పెద్దబాపు పరీక్ష పెట్టాడు. సీసాడు కల్లు తాగించి చేతులు చాపమన్నాడు. వణుకు తగ్గింది.

"సూసిన్రా? కల్లు పడంగనే ఆగింది. తాగుబోతు వణుకే," అన్నాడు.

నేను బాపును గోడకేసి కొట్టాను. పెదవి చిట్లి నెత్తురు కారింది. ఆయన తిరిగి నా మీద చెయ్యెత్తలేదు.

ఇప్పుడు జగిత్యాల ఆసుపత్రిలో అలాంటి చేతులకే తీగలు అతికించి, కండరాల కదలికను తెర మీద కొలుస్తాను. తాగని వాళ్లకూ వచ్చే వణుకొకటి ఉందని, కల్లు పడితే అది కాసేపు తగ్గుతుందని ఈ పనిలో చేరాకే తెలిసింది. అప్పటికే బాపు పోయాడు.

మొన్న కోరుట్ల నుంచి ఒకడు తండ్రిని రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. ముసలాయన కన్ను కమిలి ఉంది. నేను తీగలు అతికిస్తుంటే ఆ కొడుకు అన్నాడు: "గీ మిషిన్లెందుకు సార్? కల్లు తాపితె ఆగుతది. నేనే సూసిన."

నా చెయ్యి ఆగలేదు. చెంప పగిలేలా కొట్టాను. వాడు కుర్చీతో సహా కింద పడ్డాడు.

ముసలాయన తీగలు పీకి పారేశాడు. "నా కొడుకు మీద చెయ్యి లేపుతవా బే?" అంటూ, వణుకుతున్న ఆ చేత్తోనే నా మొహం మీద కొట్టాడు.

నేను కదలకుండా నిలబడ్డాను. ఇంకోటి కొడితే బాగుండుననిపించింది.